పసుపు కడాయి కింద మొహెంజొదారో

కళ్యాణి సోషల్ పాఠం చెప్పిన రోజున ఆ సంగతి ఊళ్లో తల్లులందరికీ చెప్పకుండానే తెలిసిపోయేది. పొద్దున తెల్లగా బడికి వెళ్లిన చొక్కాలు సాయంత్రానికి మట్టిరంగులో ఇంటికొచ్చేవి. ఈజిప్టు పాఠమైతే పాత చీర పేలికలు చుట్టుకున్న పిల్లలు మమ్మీలై వరండాలో వెల్లకిలా పడుకునేవారు. నవ్వు ఆపుకోలేక కదిలిన మమ్మీని మిగతావాళ్లు మళ్లీ మొదటి నుంచి చుట్టేవారు. సుమేరియా పాఠమైతే తడిమట్టి పలకల మీద తుమ్మముల్లుతో ఎవరి పేరు వాళ్లు గీక్కునేవారు. మిగతా పంతుళ్లు పుస్తకం తెరిపించి "సదువుండ్రి" అని కుర్చీలో వెనక్కి వాలే వేళకు, ఈవిడ పిల్లల్ని వేసుకుని బడి వెనక ఏదో ఒకటి తవ్విస్తూ ఉండేది.

మల్లాపూర్ నుంచి మెట్‌పల్లి వెళ్లే సడక్ పక్కన ఉంది ఆ ఊరు. కళ్యాణి ఆ ఊరి పిల్లే. జగిత్యాలలో డీఎడ్ చదివి వచ్చి ఊరి బడిలోనే విద్యా వలంటీరుగా చేరింది. విద్యా వలంటీరు అంటే పంతులమ్మ చేసే పనంతా ఉంటుంది, పంతులమ్మ అన్న పేరు మాత్రం ఉండదు. ఏటేటా విద్యా కమిటీ సరేనంటేనే మళ్లీ బడిలో అడుగు పెట్టాలి. కమిటీ మీటింగు జరిగితే పంతుళ్లకు కుర్చీలు వేసేవారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడేది. వాళ్ల అమ్మ మల్లవ్వ ఆ బడిలోనే పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండేది. బిడ్డ గొంతు క్లాసులోంచి వినిపిస్తే పొయ్యి దగ్గర మల్లవ్వ చేతిలో గరిటె కాసేపు ఆగేది. ఆ సంగతి మల్లవ్వ ఎవరి దగ్గరా ఒప్పుకునేది కాదు.

విద్యా కమిటీ చైర్మన్ జలపతికి మాత్రం ఈ మట్టి చదువు ఒంటికి పడేది కాదు. ఆయన పసుపు పండించే రైతు. గొంతు పెద్దది, మనసు చెడ్డదేం కాదు. కాకపోతే తనకు తోచిందే ఊరందరికీ తోచిందని నమ్మే మనిషి. కళ్యాణిని ఆయన ఎన్నడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

"ఓ మల్లవ్వ బిడ్డా!" అన్నాడొకరోజు బడి గేటు దగ్గరే నిలబడి. "పోరగాళ్లకు సదువు జెప్పమంటే మట్టి పిసికిపిస్తున్నవేంది? మా ఇండ్లల్ల మట్టి పని తక్కువున్నదా?"

"పాఠమే పటేలా. సింధు నాగరికత" అంది కళ్యాణి.

"మా మనుమరాలు హర్షిత మెట్‌పల్లిల ఇంగ్లీషు మీడియం సదువుతది. ఒక్కనాడన్న దాని గోళ్లల్ల మట్టి సూడలె. సదువంటే గది!"

అంతటితో ఊరుకోలేదు. దసరా వెళ్లాక మీటింగు పెడతానని, తన తమ్ముని కోడలు మానస కోరుట్లలో బీఎడ్ చేసి ఇంట్లో ఖాళీగా ఉందని, ఆమెను పెట్టుకుంటే బడి బాగుపడుతుందని, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కూడా వినపడేలా చెప్పి వెళ్లాడు. కళ్యాణికి ఆ పని పోతే మళ్లీ పసుపు చేలల్లో కూలికి పోవడమే. కూలి పని ఆమెకు కొత్తేం కాదు. కానీ రోజూ పొద్దున ఆ పిల్లల ముఖాలు చూడకుండా ఉండటం మాత్రం తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

హెడ్మాస్టరు విఠల్ సార్ మంచివాడే. అయితే చైర్మన్‌తో పేచీ అంటే ఆయనకు జ్వరం వస్తుంది.

"జర కండ్లకు కనవడే పనొకటి చెయ్ కళ్యాణీ" అన్నాడు మెల్లగా. "పాఠం కండ్లకు కనవడదు. గదే మన కష్టం."

కళ్లకు కనపడే పని బడి ఆవరణలోనే ఉంది. బోరింగు చుట్టూ ఏడాది పొడవునా పిక్కల దాకా బురద. ఆడపిల్లలు పావడాలు ఎత్తిపట్టుకుని నీళ్లు కొట్టుకునేవారు. ఆ బురదలోనే మల్లవ్వ కిందటేడు బిందెతో సహా జారిపడింది. ఆ మోకాలు ఇప్పటికీ ముసురు పడితే సలుపుతుంది. కళ్యాణి ఒకరోజు ఆ బురద వైపు చూస్తూ చూస్తూ ఎగిరి గంతేసినంత పని చేసింది. మొహెంజొదారోలో ఇంటింటికీ ఇటుకల స్నానాల గద్దె ఉండేదని, అందులోంచి నీళ్లు పారడానికి మోరీ ఉండేదని నిన్ననే కదా పిల్లలకు చెప్పింది! ఆ గద్దెనూ ఆ మోరీనీ బోరింగు దగ్గర కట్టిస్తే సరి. అచ్చం అలాంటి ఇటుకలతో, పిల్లల చేతులతో.

సరిగ్గా అప్పుడే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, బళ్లకు తాళాలు పడ్డాయి. పంతుళ్లంతా మెట్‌పల్లి శిబిరంలో జై తెలంగాణ అంటూ కూర్చున్నారు. కళ్యాణి సమ్మెలోనూ లేదు, పనిలోనూ లేదు. పంతుళ్ల సంఘంలో పేరుంటే కదా సమ్మె చేయడానికి! నినాదాలివ్వడానికి మాత్రం రోజూ వెళ్లి అందరికంటే గట్టిగా అరిచి వచ్చేది.

"సార్, పిల్లలు ఇంటికాడ ఊకనే ఉంటుండ్రు. ఇటుకలు చేపియ్యాల్నా?" అని విఠల్ సార్‌ను అడిగింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. "బడి బంద్. బడి ఎనుక గూడ బంద్ అని ఎవలన్న అన్నరా?"

ఆ మాట చాలు. మర్నాటి నుంచి బడి వెనక మొహెంజొదారో మొదలైంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే మేనమామ జాన్ కరెంటు కోతల వల్ల పని లేక అక్క ఇంటికి వచ్చి ఉన్నాడు. పాత మగ్గం చెక్కలు తెప్పించి ఇటుక అచ్చులు చేసిచ్చాడు. మందానికి రెట్టింపు వెడల్పు, దానికి రెట్టింపు పొడవు. వేల ఏళ్ల కిందట సింధు నది ఒడ్డున అందరూ అదే కొలత పెట్టుకున్నారని కళ్యాణి చెబితే, జాన్ అచ్చును తిప్పి తిప్పి చూశాడు.

"గప్పట్ల గూడ మేస్త్రీ ఒక్కడే ఉండె గావచ్చు" అన్నాడు.

పిల్లలు చెరువు మట్టి తెచ్చారు, ఊక కలిపారు, తొక్కారు. తొక్కడం పేరు మీద ఒకరినొకరు తోసుకుని పడ్డారు. మెట్‌పల్లి ఇంగ్లీషు బడి బస్సు కూడా రాకపోవడంతో జలపతి మనుమరాలు హర్షిత మొదటి రోజు గోడ మీంచి చూసింది. రెండో రోజు గోడ మీద కూర్చుంది. మూడో రోజు మోచేతుల దాకా మట్టిలో ఉంది. ఇంటికి వెళ్లే ముందు బోరింగు దగ్గర గోళ్లు తోముకునేది.

సింధు లోయలో దొరికిన ఒక ఇటుక మీద పిల్లి అడుగు, దాని వెంట పరుగెత్తిన కుక్క అడుగు ఉన్నాయని కళ్యాణి నోరు జారి చెప్పింది. ఇక పిల్లలకు తమ ఇటుక మీద కూడా ఉండాల్సిందే. పిల్లి ససేమిరా దొరకలేదు. కుక్కకు బిస్కెట్టు చూపించి తడి ఇటుక మీద నడిపించారు. అది నడవమన్న ఇటుకను వదిలి పక్క ఇటుకలన్నీ తొక్కి పోయింది. ఎలాగైతేనేం, ఒకదాని మీద నాలుగు వేళ్ల ముద్ర చక్కగా పడింది. ఆ ఇటుకను అందరికంటే ఎక్కువ ఎండ తగిలే చోట పెట్టారు.

అందరూ ముచ్చటపడ్డారనుకుంటే పొరపాటు. అందరికంటే ముందు కోపం వచ్చింది మల్లవ్వకే.

"ఎండల తట్టలు మోసి నిన్ను సదివిపిచ్చిన" అంది, పళ్లెంలో అన్నం పెడుతూనే. "నా బిడ్డ బల్లకాడ నిలవడి పాఠం జెప్తదనుకుంటి. నువ్వు మల్ల గా మట్టిలకే వడ్తివి. ఊరోళ్ల పిల్లల్ని గూడ గుంజవడ్తివి. జలపతి పటేలు అన్నదాంట్ల తప్పేమున్నది?"

"కూలికి మోసుడు ఏరు, తెలుసుకునెతందుకు చేసుడు ఏరు అవ్వా."

"బురదకు గా తేడా ఎర్కనా?"

ఈ మాటతో కళ్యాణి అన్నం సగంలో వదిలేసి లేచింది. తల్లి అన్నది నిజమేనేమో అన్న గుబులు ఆ రోజంతా ఆమెను వదల్లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చి పడింది. ఇటుకలు ఎండాయి గాని కాలలేదు. పచ్చి ఇటుకలతో బోరింగు కింద గద్దె కడితే రెండు బిందెలు కొట్టేసరికి మళ్లీ బురదే. కాల్చాలంటే బండెడు కట్టెలు కావాలి. పిల్లల ఆటకు కట్టెలెవరిస్తారు? ఎవర్ని అడిగినా నవ్వి పంపారు. దసరా దగ్గరపడుతోంది. చివరికి ఒక పొద్దున మెట్‌పల్లి సామిల్లులో చెక్క ముక్కలైనా దొరుకుతాయేమోనని నడిచే వెళ్లింది. సామిల్లుకు కూడా తాళమే.

సరిగ్గా ఆ పొద్దుననే ఊళ్లో వంటావార్పు పెట్టారు. ఆ రోజుల్లో ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చేయడమే సమ్మె. దర్జీలు మిషన్లు మోసుకొచ్చి నడి సడక్ మీద కుట్టారు, బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని తారు మీదే చుట్టారు, ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదే వండుకు తిన్నాయి. పక్క ఊరివాళ్లు నాలుగు గుండిగల్లో వండారని తెలిసి జలపతికి నిద్ర పట్టలేదు. పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయిని ట్రాక్టరు మీద తెప్పించాడు. అంత కడాయికి పొయ్యి పెట్టాలంటే రాళ్లు చాలలేదు. బడి వెనక వరసగా పేర్చిన ఇటుకలు కనిపించాయి. ఎప్పుడో మంజూరై ఎన్నడూ కట్టని సర్కారు మరుగుదొడ్డి తాలూకు నాసిరకం ఇటుకలనుకున్నాడు. సర్కారు మీద సమ్మెకు సర్కారు ఇటుకలు, ఇంతకంటే న్యాయమేముంది? అన్నీ ట్రాక్టరులో వేయించాడు.

కళ్యాణి ఊరి పొలిమేర చేరేసరికి హర్షిత జడలు ఊడిపోయేలా ఎదురు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"టీచర్! మొహెంజొదారో మీద బువ్వ వండుతుండ్రు!"

కళ్యాణి పరుగెత్తింది. నడి సడక్ మీద కడాయి, దాని కింద గోడల్లా పేర్చిన తన ఇటుకలు, వాటి మధ్య భగభగ మంట. పొయ్యి నోటి దగ్గరే కుక్క అడుగు ఇటుక. మంట ఎగదోస్తున్నది, ఆ ఇటుకల వైపు ఎన్నడూ కన్నెత్తి చూడని మల్లవ్వ. పక్కన గరిటె పట్టుకుని జలపతి, పెళ్లికొడుకు తండ్రిలా.

"గివి ఎవల ఇటుకలు పటేలా?" అంది కళ్యాణి, పొయ్యి నోటి దాకా వెళ్లి.

"సర్కారువి. దొడ్డికొచ్చినయ్."

"కాదు తాతా, మావి!" హర్షిత అరిచింది. "గా కుక్క అడుగుది నేనే జేసిన! కావాల్నంటే నా గోళ్లు సూడు!"

పది వేళ్లూ జనం ముందు చాపింది. ఆ పూట తోముకోవడానికి వ్యవధి లేకపోయింది కాబోలు, గోళ్ల నిండా నల్లమట్టి. జనం గొల్లున నవ్వారు. జలపతి గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకున్నాడు.

కళ్యాణికి మాత్రం నవ్వు రాలేదు. దసరా మీటింగులో చూపించడానికి ఆమె దగ్గర ఉన్నవి ఆ ఇటుకలే. అంతమందిలో ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది. మల్లవ్వ బిడ్డ ముఖం చూసింది. లేచింది. మోకాలు సలుపును కూడా లెక్క చేయకుండా పక్కనున్న నీళ్ల బకెట్టు రెండు చేతులా ఎత్తింది.

"ఆర్పుత బిడ్డా. బువ్వ పోతే పోనియ్" అంది.

ఊరంతటికీ వండుతున్న అన్నం అది. జలపతి నోరెళ్లబెట్టాడు. ఆ ఇటుకల్ని తిట్టిపోసిన మనిషి ఇప్పుడు వాటికోసం ఊరిని పస్తు పెట్టడానికి సిద్ధంగా నిలబడింది. కళ్యాణికి తల్లి మీద అంతవరకు మనసులో ఉన్న కినుకంతా ఆ క్షణంలో కొట్టుకుపోయింది. బకెట్టు ఒంగింది. అప్పుడు తెలివి వచ్చింది పంతులమ్మకు.

"అవ్వా వద్దు! ఆర్పొద్దు!" బకెట్టు పట్టుకుని లాగింది. "నీళ్లు వడితే పలుగుతయ్. కాలనియ్! కట్టెల కోసమే గదా నేను తిరుగుడు!"

కళ్లు తుడుచుకుని జలపతి వైపు తిరిగింది. అంత గట్టిగా ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. "పటేలా, పొద్దుమూకెదాక మంట ఆరొద్దు. అడుగకుంట తీస్కపోయింది మీరు. కాల్చి ఇయ్యాల్సింది గూడ మీరే."

"కట్టెలు తెప్పియ్యి జలపతీ!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. తప్పు తనదైతే ఒప్పుకోవడం జలపతికి రాదు గాని, నలుగురిలో చేయి వెనక్కి తీసుకోవడం అంతకంటే రాదు. ట్రాక్టరు ఇంటికి వెళ్లింది, కట్టెలతో తిరిగొచ్చింది. విఠల్ సార్ హుషారుగా మైకు అందుకున్నాడు. "మిత్రులారా, గిప్పుడు సడక్ మీద ఉపాధ్యాయుల పాఠం! విషయం, సింధు నాగరికత. చెప్పేది కళ్యాణి!" అందరి పనీ రోడ్డు మీదికి వచ్చింది కదా, ఆమె పని కూడా వచ్చింది. పొయ్యి చుట్టూ పిల్లలు చేరి మిగిలిన పచ్చి ఇటుకలు పేర్చారు. సందుల్లో కట్టెలు కూరారు. కాలుతున్న ఇటుకలు చూపిస్తూ ఆమె ఆ పట్టణం వీధుల గురించి, బావుల గురించి, మోరీల గురించి చెప్పింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతులు ఆపకుండానే విన్నారు.

అన్నం మాత్రం పసుపు పచ్చగా దిగింది. ఎంత తోమినా పసుపు కడాయి పసుపు కడాయే. పులిహోర అనుకుని లొట్టలేసుకుంటూ వచ్చినవాళ్లు నిమ్మకాయ ఏదని అడిగారు.

మర్నాడు బూడిద తీసి చూస్తే మంట పట్టిన మేర ఇటుకలు ఎర్రబడి గట్టిపడ్డాయి. కొన్ని పగిలాయి, కొన్ని ఒక వైపే కాలి ఇంకో వైపు పచ్చిగా ఉన్నాయి. కళ్యాణి ఊళ్లోని సమ్మె శిబిరం ముందు రెండు బకెట్లు పెట్టించి, ఒకదాంట్లో పచ్చి ఇటుక, ఒకదాంట్లో కాలిన ఇటుక వేసింది. పచ్చిది చూస్తుండగానే బురదైపోయింది. కాలింది బుడబుడమని గాలి వదిలి, అలాగే కూర్చుంది. కుక్క అడుగు ఇటుక మూల చిట్లింది గాని అడుగు చెదరలేదు.

జలపతి కండువా సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు. "గప్పట్లనే ఇంటింటికి మోరీ ఉండెనా?"

"ఉండె పటేలా. మీద మూత గూడ."

"మనకు గిప్పటికీ లేకపాయె గద" అన్నాడు తనలో తానే.

"తెలంగాణ అస్తే కడుతరా తాతా?" హర్షిత అడిగింది. జనం నవ్వారు. జలపతి నవ్వలేదు. ఆ సాయంత్రమే మనుమరాలిని తోడిచ్చి సిమెంటు సంచి ఒకటి జాన్ దగ్గరికి తోలించాడు. ఎవరిచ్చారో చెప్పొద్దని చెప్పి పంపాడు. హర్షిత ఊరంతా చెప్పింది.

దసరా వెళ్లింది. పంతుళ్లు సమ్మె విరమించి బడి తెరిచాక కమిటీ మీటింగు కుదిరింది. అప్పటికి జాన్ తాపీ పట్టి, పిల్లలు ఇటుకలు అందించి, గద్దె పూర్తయింది. మోరీ కూడా కూరగాయల మడి దాకా సాగింది. చివర కొంచెం వంకర పోయింది, అయినా నీళ్లు ఆ వంకను పట్టించుకోలేదు. కుక్క అడుగు ఇటుకను అందరికీ కనపడేలా మొదట్లోనే పెట్టారు. గద్దె మీద నిలబడి నీళ్లు కొట్టుకుంటూ మల్లవ్వ ఒకసారి కిందికి చూసుకుంది. కాళ్లు తడిశాయి గాని బురద కాలేదు. మరో బిందె కొట్టింది, అవసరం లేకపోయినా.

మీటింగుకు వచ్చిన కమిటీవాళ్లంతా ముందు బోరింగు చుట్టూ మూగారు. జలపతి చెప్పులు విడిచి గద్దెక్కి కాళ్లు కడుక్కున్నాడు. నీళ్లు మోరీలోంచి మడిలోకి పోయేదాకా మెడ సాచి చూశాడు. కమిటీలో ఉన్న ఇంద్రమ్మ కొంగు నడుముకు దోపి, "గీ పిల్లను తీసేస్తే రేపు గిసొంటివి ఎవలు జేపిస్తరు జలపతీ?" అంది.

"తీసేస్తమని ఎవలన్నరు?" అన్నాడు జలపతి.

ఎవరన్నారో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. విఠల్ సార్ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు మింగాడు. అందరూ వెళ్లి వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. కళ్యాణి అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని నిలబడింది. జలపతి కూర్చోలేదు. తన కుర్చీ పట్టుకుని ఈడ్చుకుంటూ ముందుకు తెచ్చాడు.

"మేడం, గిట్లొచ్చి కూసోండ్రి" అన్నాడు.

ఏ ఆఫీసరమ్మో తనిఖీకి వచ్చిందనుకుని కళ్యాణి గబుక్కున గోడ వదిలి, దారి ఇవ్వడానికి పక్కకు జరిగి, వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

వంటపాక గడపలో మల్లవ్వ గరిటెతో నిలబడి ఉంది.

"నిన్నేనే బిడ్డా" అంది. "పోయి కూసో."